‘హంతకురాలు’ కాక ఇంకేమనాలి?

మా మేనకోడలు విజయనగరంలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ వయసు పిల్లల కోసం ఒక చిన్న నవల రాస్తోంది. ఊహాలోకపు కథ. అందులో ఒక ఆడపిల్లని చిన్నప్పటి నుంచీ మనుషుల్ని చంపడానికే పెంచుతారు. తీరా మొదటిసారి ఎవర్ని చంపమని పంపారో అతని మీదే మెల్లగా మనసు పడుతుంది. ఆరో అధ్యాయం దాకా ఆమె చేతుల్లో ఎవరూ చావరు. “మరి హంతకురాలని ఎలా రాయను అత్తా?” అని అడిగింది. రెండు రోజులుగా నాకు అదే ఆలోచన.

దాని సందేహం న్యాయమైనదే. హంతకుడనేది చేసిన పనిని బట్టి వచ్చే పేరు. హత్య జరక్కుండా హంతకుడు ఉండడు. ‘ఖూనీకోరు’ కూడా అంతే, పైగా పాత డిటెక్టివ్ నవలల వాసన. ‘కిరాయి హంతకుడు’ అంటే పేపర్లో జిల్లా పేజీ గుర్తొస్తుంది. మనకు కావలసింది వృత్తి పేరు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢపురుషుల గురించి, అంటే గూఢచారుల గురించి, చెప్పే దగ్గర రెండు మాటలున్నాయి. డబ్బు కోసం ప్రాణానికి తెగించి ఏనుగుతోనైనా క్రూరమృగంతోనైనా తలపడేవాడు తీక్ష్ణుడు. విషం పెట్టేవాడు రసదుడు. ఈ రసదుడు ఎలాంటివాడై ఉండాలంటే, అయినవాళ్ల మీద ప్రేమ లేనివాడు, క్రూరుడు, సోమరి. తీక్ష్ణుడికి మాత్రం తెగింపు ఒక్కటే చెప్పారు, ప్రేమ ఉండకూడదని ఎక్కడా అనలేదు! అది చదివి నాకు ఒళ్లు పులకరించింది. మన పిల్ల కథంతా ఆ ఖాళీలోనే ఉంది. పైగా ‘తీక్ష్ణంగా చూసింది’ అని రోజూ అంటూనే ఉంటాం. ‘తీక్ష్ణ’ అని పెడితే ఎలా ఉంటుంది? శ్రీకాకుళం మాస్టారు ఏమంటారో చూడాలి.

మాస్టారి జవాబు: మాట బాగుందమ్మా. ఒక్క సంగతి గమనించు. 1757లో బొబ్బిలి కోట పడిపోయాక, తాండ్ర పాపారాయుడు రాత్రిపూట గుడారంలో దూరి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచాడని మనం బుర్రకథలో విన్నాం కదా. ఆ కథ చెప్పేవాళ్లెవరూ అతన్ని హంతకుడనరు, వీరుడంటారు. చెప్పేవాడు ఏ పక్షమో పేరులోనే తెలిసిపోతుంది. అందుకని ఆమెను పెంచినవాళ్లు తీక్ష్ణ అనాలి, శత్రువులు హంతకురాలనాలి. ఆ అబ్బాయి ఏమని పిలుస్తాడో, అది పిల్లనే వెతుక్కోమను.

నా జవాబు: ఆ చివరి మాట దానికి ఫోన్లో చదివి వినిపించాను మాస్టారూ, కాసేపు మాట్లాడలేదు.

ఇంకో పేచీ వచ్చింది. వాళ్ల ప్రేమని ‘నెమ్మదిగా రాజుకునే మంట’ అని రాసింది. రాజుకున్నాక మంటకి నెమ్మదెక్కడిది? మా అమ్మమ్మ దాలి గుర్తొచ్చింది. గుంటలో పిడకలు పేర్చి, నిప్పు వేసి, పాలకుండ పెట్టి మూకుడు మూసేది. మంట కనిపించేది కాదు, సన్నగా పొగ, అంతే. చెయ్యి దగ్గర పెడితేనే వేడి తెలిసేది. సాయంత్రానికి పాలు ఎర్రబడి, మీగడ రొట్టెలా కట్టేది. పిల్ల దాలి ఎన్నడూ చూడలేదు, చెబుతుంటే మధ్యలో ఆపి పొగ ఏ రంగులో ఉంటుందని కూడా అడిగింది.

నిన్న రాత్రి మెసేజ్ పెట్టింది. ఆరో అధ్యాయం పేరు ‘దాలి’.