‘ఫెర్‌యంగ్‌బాయ్సెన్’ అనే జర్మన్ క్రియకు తెలుగు మాట ఏది?

స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్ మీద వచ్చిన ఒక జర్మన్ వ్యాసాన్ని తెలుగు చేస్తున్న సభ్యురాలు ఒకరు నిన్న మన సమూహంలో ఒక ప్రశ్న పెట్టారు. వ్యాసంలో ‘ఫెర్‌యంగ్‌బాయ్సెన్’ అనే క్రియ ఎదురైందనీ, తన దగ్గరున్న నిఘంటువుల్లో దొరకలేదనీ, గెలుపు దాదాపు ఖాయమయ్యాక ఓడిపోవడం అనే అర్థం సందర్భాన్ని బట్టి తెలిసిందనీ రాసి, దీనికి తెలుగులో ఒక్క మాట ఉందా అని అడిగారు.

ఆ ప్రశ్న కింద వచ్చిన సూచనలన్నీ చదివాను. ‘చేతికొచ్చింది నోటికి రాలేదు’ అన్నవారు ఉన్నారు, ‘నోటికాడి కూడు నేలపాలైంది’ అన్నవారు ఉన్నారు, ‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అని ఒకరు, క్రీడాపేజీల్లో తరచూ కనిపించే ‘గెలుపు ముంగిట బోల్తా’ అని మరొకరు రాశారు. తెప్ప సామెతను ముందే పక్కన పెట్టవచ్చు. అది పని గడిచాక సాయపడినదాన్ని మరచే కృతఘ్నతను చెబుతుంది, ఓటమితో దానికి సంబంధం లేదు. మిగిలిన మూడూ అర్థానికి దగ్గరలోనే తిరుగుతున్నాయి గానీ, వాటిలో ఏది సరిపోతుందో, అసలు ఏదైనా సరిపోతుందో తేలాలంటే ఆ మాట కడుపులో ఉన్న క్లబ్బు కథ తెలియాలి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు మాట నిర్మాణం చూద్దాం. జర్మన్‌లో ‘ఫెర్’ అనే ఉపసర్గ ఉంది. దానికి చాలా పనులున్నా, ఇక్కడ మనకు కావలసింది ఒకటే: క్రియ ముందు చేరి, చేసే పని పెడదారి పట్టిందని చెప్పడం. ‘లాఫెన్’ అంటే నడవడం లేదా పరుగెత్తడం, ‘ఫెర్‌లాఫెన్’ అంటే నడుస్తూ నడుస్తూ దారి తప్పడం. ‘ష్లాఫెన్’ అంటే నిద్రపోవడం, ‘ఫెర్‌ష్లాఫెన్’ అంటే లేవవలసిన వేళ దాటిపోయేదాకా నిద్రపోవడం. ‘ష్పీలెన్’ అంటే ఆడటం, ‘ఫెర్‌ష్పీలెన్’ అంటే ఉన్నదాన్ని ఆటలో ఒడ్డి పోగొట్టుకోవడం, అంటే ధర్మరాజు కౌరవసభలో చేసిన పని. ఈ మూడింటిలోనూ తప్పు చేసినవాడిదే అన్న సంగతి గుర్తుంచుకోండి, చివరికి మళ్లీ దీని దగ్గరికే రావాలి. ఆ ‘ఫెర్’ తరువాత ఒక ఫుట్‌బాల్ క్లబ్బు పేరు పెట్టి, చివర జర్మన్ క్రియాప్రత్యయం తగిలించారు, అంతే. స్విస్ మాండలికంలో క్రియ చివరి నకారం పలకదు కాబట్టి అక్కడివారి నోట అది ‘ఫెర్‌యంగ్‌బాయ్సె’ అవుతుంది.

ఆ క్లబ్బు బెర్న్ నగరపు ‘యంగ్ బాయ్స్’. జర్మన్ మాట్లాడే ఊరి జట్టుకు ఇంగ్లీషు పేరేమిటని ఒకరు అడిగారు. స్విట్జర్లాండ్‌లో తొలినాళ్ల ఫుట్‌బాల్ చాలావరకు అక్కడికి చదువులకూ వ్యాపారాలకూ వచ్చిన ఇంగ్లీషువారి చేతుల మీదుగా నడిచింది. జ్యూరిక్‌లో 1886లో ఒక ఇంగ్లీషు విద్యార్థి చొరవతో పుట్టిన జట్టు పేరు ‘గ్రాస్‌హాపర్’, అంటే మిడత. 1894లో బాసెల్‌లో ‘ఓల్డ్ బాయ్స్’ అనే జట్టు వెలిసింది. ఇంగ్లీషులో ‘ఓల్డ్ బాయ్స్’ అంటే ముసలివాళ్లు కాదు, ఒక బడిలో చదివి బయటికి వచ్చిన పూర్వ విద్యార్థులు. 1898 మార్చి 14న బెర్న్‌లో నలుగురు విద్యార్థులు సొంత జట్టు పెట్టుకుంటూ, ఆ ఓల్డ్ బాయ్స్‌కు ఎదురుపేరుగా ‘యంగ్ బాయ్స్’ అని పెట్టుకున్నారు. కాబట్టి పేరును తెలుగు చేయవలసి వస్తే ‘యువ బాలురు’ అనకండి. పూర్వ విద్యార్థులకు జవాబుగా నిలబడిన ‘కుర్రాళ్లు’ అనుకుంటేనే అందులోని సవాలు అందుతుంది. బెర్న్ జనం జట్టును పూర్తి పేరుతో పిలవడం తక్కువ. రెండు తొలి అక్షరాలైన వై, బీలను అక్కడి పద్ధతిలో కలిపి ‘ఈబే’ అంటారు.

ఓడిపోవడానికి మారుపేరైన జట్టు మొదటి నుంచీ బలహీనమైనదేమో అనుకోవడం సహజం. అది నిజం కాదు. 1903లో తొలిసారి జాతీయ విజేతలయ్యారు. 1909 నుంచి 1911 వరకు వరుసగా మూడుసార్లు, ఆ తరువాత 1920లో, 1929లో గెలిచారు. 1925లో క్లబ్బు పేరుకు ముందు ‘బెర్న్ క్రీడా సంఘం’ అనే అర్థమిచ్చే మాటలు చేరాయి. అదే ఏడాది వాంక్‌డోర్ఫ్ మైదానం తెరుచుకుంది. జర్మన్ శిక్షకుడు ఆల్బర్ట్ జింగ్ చేతిలో 1957 నుంచి 1960 వరకు వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచారు. 1959లో యూరోపియన్ కప్పు సెమీఫైనల్ దాకా వెళ్లి, ఫ్రాన్స్‌కు చెందిన రైమ్స్ జట్టును సొంత మైదానంలో 1–0తో ఓడించి, తిరుగు ఆటలో 0–3తో ఓడారు.

ఈ కాలం నుంచే వచ్చిందని చెప్పుకునే ఇంకో నుడికారం బెర్న్‌లో ఉంది: ‘ఈబే ఫీర్టెల్‌ష్టుండె’, అంటే ‘ఈబే పావుగంట’. ఆట 75 నిమిషాలు దాటాక మిగిలే చివరి పావుగంట అది. ఆ పావుగంటలో తమ జట్టు ఆటను తిప్పేస్తుందన్న నమ్మకంతో ప్రేక్షకులు ఇప్పటికీ ఆ ఘడియను చప్పట్లతో ఎదుర్కొంటారు. ఈ చర్చలో నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టుకున్న విషయం ఇదే. ఒకే క్లబ్బు పేరు మీద ఒకే ఊరి భాషలో రెండు మాటలు నిలిచాయి. ఒకటి ఆఖరి ఘడియలో గెలవడాన్ని చెబుతుంది, రెండోది ఆఖరి ఘడియలో ఓడటాన్ని. రెండో మాట ఎలా పుట్టిందో అర్థం కావాలంటే మొదటి మాట మీద జనానికి ఎంత ఆశ ఉండేదో తెలియాలి.

1986లో మళ్లీ జాతీయ టైటిల్, 1987లో స్విస్ కప్పు వచ్చాయి. ఆ తరువాత 31 ఏళ్లు ఒక్క పెద్ద ట్రోఫీ రాలేదు. అలా రాకపోవడం మాత్రమే అయితే అది ఏ భాషలోనూ క్రియాపదం అయ్యేది కాదు. 1991 కప్పు ఫైనల్‌లో సియోన్ అనే జట్టు మీద సగం ఆటకు 2–0తో ముందుండి 2–3తో ఓడారు. 1990ల చివర రెండుసార్లు రెండో శ్రేణికి జారారు. 2001లో పాత వాంక్‌డోర్ఫ్‌ను పడగొట్టి, అదే స్థలంలో కొత్త స్టేడియం కట్టి 2005లో తెరిచారు. 2006లో అక్కడే కప్పు ఫైనల్ ఆడి, రెండో శ్రేణి జట్టుగా వచ్చిన సియోన్ చేతిలో పెనాల్టీ షూటౌట్‌లో పోగొట్టుకున్నారు. 2008లో లీగు ఆఖరి రోజున గెలిస్తే టైటిల్ తమదే అన్న స్థితిలో బాసెల్‌కు వెళ్లి 0–2తో ఓడారు. 2009లో మళ్లీ కప్పు ఫైనల్, మళ్లీ సొంత మైదానం, మళ్లీ సియోన్, మళ్లీ 2–0 ఆధిక్యం, మళ్లీ 2–3. 2010లో సీజన్‌లో చాలాకాలం అగ్రస్థానంలో ఉండి, ఆఖరి రోజున తమ ఊరికే వచ్చిన బాసెల్ చేతిలో 0–2తో ఓడి టైటిల్‌ను అప్పగించారు. ఈ వరుస చదివాక ఆ ‘ఫెర్’ ఎందుకు అతుక్కుందో వేరే చెప్పనక్కరలేదు.

ఒక చిన్న పక్కమాట. 1954 ప్రపంచ కప్పు ఫైనల్ జరిగింది ఆ పాత వాంక్‌డోర్ఫ్‌లోనే. హంగేరీ ఎనిమిది నిమిషాల్లో 2–0తో ముందుకు పోయి, పశ్చిమ జర్మనీ చేతిలో 2–3తో ఓడింది. జర్మన్లు దాన్ని ‘బెర్న్ అద్భుతం’ అంటారు. అంటే ఒకే స్థలంలో మూడు ఫైనల్స్‌లో రెండు గోల్స్ ఆధిక్యం మూడుసార్లూ అదే స్కోరుతో తలకిందులైంది. వ్యాసంలో ఆ ప్రస్తావన వస్తే ఈ సంగతి తెలిసి ఉండటం అనువాదకురాలికి పనికొస్తుంది.

ఇక తెలుగు మాట సంగతి. ‘చేతికొచ్చింది నోటికి రాలేదు’ అన్నప్పుడు వాక్యంలో కర్త ఎవరు? కూడు. రానిది కూడే, తిననివాడు కాదు. ‘నోటికాడి కూడు నేలపాలైంది’లోనూ అంతే, పడిపోయింది కూడు, పడేసినవాడు వాక్యంలో లేడు. మన నుడికారంలో ఇలాంటి సందర్భాలకు పుట్టిన మాటలు ఎక్కువగా భారాన్ని విధి మీదికో కాలం మీదికో నెడతాయి, నష్టపోయినవాడిని ఓదారుస్తాయి. ‘ఫెర్‌యంగ్‌బాయ్సెన్’ ఓదార్చదు. ‘దారి తప్పావు, నువ్వే తప్పావు’ అంటుంది. క్రీడాపేజీల ‘బోల్తా పడటం’ కర్తను చూపిస్తుంది గానీ, అది తొలి నిమిషంలో పడినా ఆఖరి నిమిషంలో పడినా ఒకటే. ‘ముంగిట’ తోడు లేకపోతే అసలు అర్థం రాదు.

ఈ తేడా నాకు పుస్తకాల్లో తెలియలేదు. మా చిన్నప్పుడు ఒక ఏడాది నూర్చిన వడ్లు కల్లంలో రాశి పోసి ఉన్నాయి. సాయంత్రం పడమటి మబ్బు కనిపించింది, బరకాలు ఇంట్లోనే ఉన్నాయి, ‘ఇది కురిసే మబ్బు కాదులే’ అని అందరూ భోజనాలకు కూర్చున్నారు. తెల్లవారేసరికి రాశి అడుగున వడ్లు నానిపోయి, వారం తిరక్కుండానే మొలకలెత్తాయి. పరామర్శకు వచ్చిన ఇరుగుపొరుగు ‘నోటికాడి కూడు పోయిందయ్యా’ అంటుంటే మా తాతయ్య ఒప్పుకోలేదు. ‘పోలేదు, చేజేతులా పోగొట్టుకున్నాం’ అన్నారు. ఇరుగుపొరుగు చెప్పింది తెలుగు సామెత. తాతయ్య చెప్పింది ‘ఫెర్‌యంగ్‌బాయ్సెన్’.

కాబట్టి నా సూచన ‘చేజేతులా జారవిడుచుకొను’. ‘చేజేతులా’లో స్వయంకృతం ఉంది. ‘జారవిడుచుకొను’లో అప్పటికే అది చేతిలో ఉందన్న భావం ఉంది. చేతిలో లేనిదాన్ని ఎవరూ జారవిడవలేరు కదా. జర్మన్ క్రియకు ముందు ‘ఫెర్’ పెట్టి సాధించేదాన్ని తెలుగు క్రియ వెనుక ‘విడుచు’, ‘కొట్టు’ వంటివి చేర్చి సాధిస్తుంది. ‘చెడగొట్టు’, ‘పోగొట్టు’ అన్నవి ఆ కోవలోవే. రెండు భాషలూ ఒకే పనిని పదానికి రెండు చివరల నుంచి చేస్తున్నాయి.

పేరునే క్రియగా మార్చి ‘యంగ్‌బాయ్సించు’ అనవచ్చా అని ఇంకొకరు అడిగారు. నాకు అది రుచించడం లేదు. ‘ప్రేమించు’, ‘చింతించు’ వంటి వాటిలో ‘ఇంచు’ సంస్కృత పదాలకు ఒదిగినట్టు ఇంగ్లీషు మాటలకు ఒదగదు. వాటికి మనం ‘చేయు’, ‘అవు’ తగిలిస్తాం. పైగా తెలుగు భాష వ్యక్తుల పేర్లను క్రియలుగా కాక విశేషణాలుగా వాడుకుంటుంది. భగీరథ ప్రయత్నం, కుంభకర్ణ నిద్ర, శల్య సారథ్యం, ఉత్తరకుమార ప్రగల్భాలు చూడండి. ఆ దారిన పోతే ‘యంగ్ బాయ్స్ ఓటమి’ అనవచ్చు, అయితే మన పాఠకుడికి ఆ పేరు వెనుక కథ తెలియదు కాబట్టి మొదటిసారి వాడినచోట రెండు వాక్యాల వివరణ తప్పదు.

చివరగా, వ్యాసం ఏ సంవత్సరానిదో చూసుకోమని ఆమెకు మనవి. 2018 ఏప్రిల్ 28న యంగ్ బాయ్స్ సొంత మైదానంలో లూసర్న్‌ను 2–1తో ఓడించి, 32 ఏళ్ల తరువాత జాతీయ విజేతలయ్యారు, వరుసగా ఎనిమిదేళ్లు గెలిచిన బాసెల్ ఆధిపత్యం అక్కడితో ఆగింది. 2008లో, 2010లో ఓడిన జట్ల గోల్‌కీపర్ మార్కో వొల్ఫ్లి అప్పటికి రెండో గోల్‌కీపర్‌గా ఉండి, మొదటివాడు గాయపడటంతో బరిలో ఉన్నాడు. లూసర్న్‌కు పెనాల్టీ దక్కినప్పుడు ఆ బంతిని ఆపింది అతడే. 89వ నిమిషంలో, అంటే సరిగ్గా ఆ ‘ఈబే పావుగంట’లో, యంగ్ బాయ్స్ ఆటగాడు న్సామే గెలుపు గోల్ కొట్టాడు. 2024 వరకు లెక్కిస్తే ఆ ఏడు సీజన్లలో వారు ఆరుసార్లు విజేతలు, మొత్తం టైటిళ్లు 17. కాబట్టి 2018కి ముందు రాసిన వ్యాసంలో ఈ క్రియ కనిపిస్తే ‘చేజేతులా జారవిడుచుకున్నారు’ అని నేరుగా రాసేయవచ్చు. ఆ తరువాతి వ్యాసమైతే రచయిత పాత మాటను తలచుకుంటున్నాడని తెలిసేలా ‘ఒకప్పుడు బెర్న్‌లో అనుకునేవారే, అలా చేజేతులా జారవిడుచుకున్నారు’ అని ఒక చిన్న ముక్క ముందు చేర్చమని నా సలహా.