టెక్ డైవింగ్ కార్డులకు ఇంత ఖర్చా? అసలు రూల్ ఎక్కడుంది?

కడలి_హైదరాబాద్
స్కూబాలో అడ్వాన్స్‌డ్, నైట్రాక్స్ (ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలి), రెస్క్యూ కోర్సులు అయిపోయాయి. 110 డైవ్‌లు ఉన్నాయి, ఎక్కువ అండమాన్ హేవ్‌లాక్‌లోనే. ఇప్పుడు టెక్ వైపు, అంటే డీకో (పైకొచ్చేటప్పుడు మధ్యమధ్య ఆగి రావాల్సిన డైవ్) కోర్సుతో మొదలుపెట్టి ట్రైమిక్స్ (ఆక్సిజన్, నైట్రోజన్, హీలియం మిశ్రమం) దాకా వెళ్లాలని ఉంది. మూడు ప్రశ్నలు: శిక్షణ ఏజెన్సీ పాడీనా, టీడీఐనా, జీయూఈనా? అన్నీ కలిపి ఎంతవుతుంది? కోర్సు పూర్తిచేస్తే ఇచ్చే కార్డు లేకుండా 40 మీటర్లు దాటితే చట్టప్రకారం తప్పా?

రుషికొండ_డైవర్
ఖర్చు సంగతి నన్నడగండి, ఆ మంట ఇంకా చల్లారలేదు. థాయ్‌లాండ్ కో టావ్‌లో డీకో కోర్సు 85 వేలన్నారు. దిగాక గ్యాస్ వేరు, ట్విన్‌సెట్ (జంట సిలిండర్లు) అద్దె వేరు, పడవ వేరు, చివరికి కార్డుకీ వేరే డబ్బులు. విమానం టికెట్ కాకుండానే లక్షా నలభై వేలు దాటింది. అడ్వాన్స్ కట్టకముందే ఏది ఫీజులో ఉందో, ఏది లేదో మెయిల్‌లో రాయించుకోండి.

ఫ్లోరిడా_తెలుగోడు
ఫీజు ఒక్కసారే కడతాం. హీలియం ప్రతిసారీ కొనాలి. ట్విన్ 12 లీటర్లు 200 బార్‌కి నింపితే 4,800 లీటర్ల గ్యాస్. 18/45 (18 శాతం ఆక్సిజన్, 45 శాతం హీలియం) కలిపితే అందులో 2,160 లీటర్లు హీలియమే, అంటే 76 క్యూబిక్ అడుగులు. నేను కొనే చోట క్యూబిక్ అడుగు రెండున్నర డాలర్లు. ఒక్క డైవ్‌కి హీలియానికే 190 డాలర్లు పోతుంటే ఎన్నాళ్లు చేస్తాం? అందుకే వదిలిన ఊపిరినే శుభ్రం చేసి మళ్లీ వాడే రీబ్రీదర్‌కి మారాను. అందులో ఆక్సిజన్‌ని పలచన చేసే 3 లీటర్ల డైల్యుయెంట్ సిలిండర్‌కి 270 లీటర్ల హీలియం చాలు.

బెజవాడ_ట్విన్‌సెట్
బ్రో, కొత్తవాళ్లకి రీబ్రీదర్ చవక అని చెప్పకండి. యూనిట్‌కే లక్షలు పోయాలి. ఒక యూనిట్ మీద తెచ్చుకున్న కార్డు ఇంకో యూనిట్‌కి చెల్లదు, మళ్లీ క్రాసోవర్ కోర్సు. ఆక్సిజన్ సెన్సర్లు ఏడాదికో ఏడాదిన్నరకో మార్చాలి. రీబ్రీదర్ మొరాయిస్తే వాడే బెయిలౌట్ సిలిండర్లలో పోసే హీలియం మీ లెక్కలో ఎందుకు లేదు?

ఫ్లోరిడా_తెలుగోడు
బెయిలౌట్ ఒకసారి నింపితే వాడేదాకా అలాగే ఉంటుంది. ఆరు నెలలుగా నావి అలాగే ఉన్నాయి.

సీను_డహాబ్
ఇన్ని లెక్కలు దేనికి? ఈజిప్టు డహాబ్‌లోని బ్లూ హోల్‌లో, నీటి అడుగున ఉన్న రాతి ఆర్చ్ కింద నుంచి మామూలు గాలితోనే వెళ్లొచ్చాను. 56 మీటర్లు. తెలిసిన గైడ్ ఉన్నాడు, కార్డు ఎవరూ అడగలేదు. ఆక్సిజన్ పీడనం హద్దుగా పెట్టుకునే 1.4 బార్ కూడా దాటదు, లెక్క వేసి చూసుకోండి.

డాక్టర్_గుంటూరు
సీను గారూ, ఈ పోస్ట్ చదివి ఏ ఇరవై ఏళ్ల కుర్రాడో బయల్దేరతాడు. ఆక్సిజన్ ఒక్కటే చూస్తే ఎలా? గ్యాస్ సాంద్రత లీటరుకు 5.2 గ్రాములు దాటకుండా చూసుకోవాలని, 6.2 మించకూడదని ఇప్పుడు అందరూ పాటిస్తున్నారు. గాలితో ఆ రెండో హద్దు 40 మీటర్ల లోపే వచ్చేస్తుంది. 56 దగ్గర దాదాపు ఎనిమిదిన్నర గ్రాములు. ఊపిరి బరువెక్కి కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, దానికి నార్కోసిస్ (లోతులో నైట్రోజన్ ఎక్కించే మత్తు) తోడవుతుంది. ఆ గట్టు మీద రాతికి తాపడం చేసిన, అక్కడ చనిపోయిన డైవర్ల పేర్లు మీరూ చూసే ఉంటారు.

సీను_డహాబ్
మీరు ఆసుపత్రిలో కూర్చుని చెబుతున్నారు మేడమ్. నేను అక్కడికి వెళ్లొచ్చాను. పాతకాలం వాళ్లంతా గాలితోనే దిగారు.

డాక్టర్_గుంటూరు
నావి 62 ట్రైమిక్స్ డైవ్‌లు. ఒక్కటి చెప్పండి, ఆర్చ్ మధ్యలో మీ గేజ్ ఎంత చూపించింది?

విశాఖ_ఆఫ్‌షోర్
22 ఏళ్లు రిగ్‌ల మీద పనిచేసినవాణ్ణి, నేను చెబుతాను వినండి. మా దగ్గర ఇమ్కా (సముద్ర కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంఘం) నిబంధనల ప్రకారం గాలితో 50 మీటర్లే, అదీ పైనుంచి గొట్టంతో. డెక్ మీద డీకంప్రెషన్ ఛాంబర్ (పీడనం పెంచి చికిత్స చేసే గది) సిద్ధంగా ఉండాల్సిందే. ఆ పైన లోతుకి డైవర్లని దింపే బెల్, హీలియం-ఆక్సిజన్ మిశ్రమమైన హీలియాక్స్. మీ కార్డులు ఎన్నున్నా పక్కన ఛాంబర్ ఉందా? అది అడగరేం?

బెజవాడ_ట్విన్‌సెట్
సార్, మీకు కంపెనీ పెడుతుంది, మేం జీతంలోంచి పెట్టుకోవాలి. ఛాంబర్‌ని వెంట మోసుకెళ్లగలమా?

విశాఖ_ఆఫ్‌షోర్
జేబు చాలకపోతే లోతు తగ్గించుకో బాబూ. నా చేతుల్లో మనిషి బిగుసుకుపోవడం చూశాను. ఊరికే అనడం లేదు.

మాలే_అరుణ
కడలి గారి మూడో ప్రశ్న అలాగే ఉండిపోయింది. నేను మాల్దీవుల్లో ఇన్‌స్ట్రక్టర్‌ని. ఇక్కడ రిక్రియేషనల్ డైవింగ్ నిబంధనలే ఉన్నాయి: 30 మీటర్లు దాటకూడదు, డీకో డైవ్ చేయకూడదు. మీ దగ్గర ట్రైమిక్స్ కార్డున్నా అంతే. ఫ్రాన్స్‌లో గాలితో 60 మీటర్ల దాకా చట్టమే ఒప్పుకుంటుంది. కార్డిచ్చేవి ప్రైవేటు ఏజెన్సీలు, ప్రభుత్వాలు కావు. కార్డు అడిగేది గ్యాస్ నింపే షాపువాడు, ఆ తర్వాత ఇన్సూరెన్స్ వాడు.

రుషికొండ_డైవర్
ఇన్సూరెన్స్ అంటే గుర్తొచ్చింది. నా ట్రావెల్ పాలసీలో 30 మీటర్ల వరకే అని చిన్న అక్షరాల్లో ఉంది. కోర్సంతా అయ్యాక చూసుకున్నాను. ఆ వారం రోజులూ పాలసీ లేనట్టే దిగాను. తలుచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

సీను_డహాబ్
డాక్టర్ గారూ, గేజ్ చూశాను. ఎంతుందో గుర్తు లేదు.

డాక్టర్_గుంటూరు
నేను అడిగింది అందుకే. మళ్లీ వెళ్తే హీలియంతో వెళ్లండి, దయచేసి.

ఫ్లోరిడా_తెలుగోడు
ఏజెన్సీ గురించి కూడా చెప్పేస్తాను. పాడీలో టెక్ 40, 45, 50 అని మూడు మెట్లు, విడివిడిగా చేస్తే మూడు ఫీజులు. టీడీఐలో అడ్వాన్స్‌డ్ నైట్రాక్స్, డీకో ప్రొసీజర్స్ కలిపి చేస్తే ఒకేసారి 45 మీటర్లు. జీయూఈ కార్డుకి మూడేళ్లే గడువు, డైవ్‌లు చూపించి రెన్యూ చేయించుకోవాలి.

బెజవాడ_ట్విన్‌సెట్
మూడేళ్లకోసారి మళ్లీ డబ్బులు లాగడమే కదా అది!

మాలే_అరుణ
కాదండీ. పదేళ్ల కిందట కార్డు తీసుకుని, ఆ తర్వాత నీళ్లే చూడని మనిషి ట్రైమిక్స్ నింపమని వస్తే నింపుతారా? మిగతా ఏజెన్సీలూ ఆ గడువు పెడితే బాగుండు.

కడలి_హైదరాబాద్
అందరికీ థ్యాంక్స్. ముందు ఇన్సూరెన్స్ మార్చుకుంటాను. ఆ తర్వాతే కోర్సు. అరుణ గారూ, టెక్ చేసేవాళ్లకి మెడికల్ ఫారం మీద సంతకం పెట్టే డాక్టర్ హైదరాబాద్‌లో ఎవరైనా తెలుసా? ఇద్దరు ఫారం చూసి వెనక్కిచ్చేశారు.

డాక్టర్_గుంటూరు
నాకు మెసేజ్ చేయండి. పాత ఎక్స్‌రే, బీపీ రీడింగులు దగ్గర పెట్టుకోండి. చిన్నప్పుడు ఆస్తమా ఉండి ఉంటే అది ముందే చెప్పండి.