సీ ప్రోగ్రామింగ్ భాషలో పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా ‘తప్పు’ అంటోంది, ఎందుకు?

ప్రశ్న:
సీ మొదలుపెట్టి రెండు వారాలైంది. యూజర్ కొట్టిన పాస్‌వర్డ్ ఎఫ్‌గెట్స్‌తో (fgets, ఒక లైన్ చదివే ఫంక్షన్) తీసుకుని, ఇఫ్‌లో == పెట్టి "12345"తో పోలుస్తున్నాను (నవ్వకండి, టెస్టింగ్ కోసమే). ప్రింట్ చేస్తే స్క్రీన్ మీద 12345 అనే కనిపిస్తోంది, కానీ ప్రతిసారీ ‘తప్పు’ అని చెప్పే ఎల్స్‌లోకే పోతోంది. గంటన్నర నుంచి ఇదే గొడవ. కంపైలర్ (కోడ్‌ను మెషీన్ భాషలోకి మార్చేది) ఏదో వార్నింగ్ ఇచ్చింది గానీ ఎర్రర్ కాదు కదా అని వదిలేశాను.

జవాబు 1:
ఆ వార్నింగ్ చదివి ఉంటే సగం పని అయిపోయేది. సీలో స్ట్రింగ్ అంటే క్యారెక్టర్ల అర్రే (వరుసగా పేర్చిన అక్షరాలు), దాని పేరు == పక్కన పెడితే మొదటి అక్షరం ఉన్న మెమరీ అడ్రస్ అయిపోతుంది, అంటే మీరు పోలుస్తున్నది లోపలి అక్షరాలను కాదు, రెండు అడ్రసులను. మీ అర్రే ఒకచోట, కోట్స్‌లో రాసిన 12345 ఇంకోచోట. ఎప్పటికీ కలవవు. లోపలి అక్షరాలనే పోల్చే స్ట్ర్‌కంప్ (strcmp) వాడండి. రెండూ ఒకటే అయితే అది 0 ఇస్తుంది, కాబట్టి ఇఫ్‌లో == 0 అని రాయాల్సిందే, మర్చిపోతే అంతా తలకిందులవుతుంది.

అడిగినవారు:
మార్చాను, == 0 కూడా పెట్టాను. అయినా అదే పాట! స్ట్ర్‌కంప్ ఏమిస్తోందో ప్రింట్ చేస్తే 10 వచ్చింది. ఈ 10 ఎక్కడిదండీ?

జవాబు 2:
దొంగ దొరికాడు. ఆస్కీలో (అక్షరాలకు నంబర్లిచ్చే పట్టికలో) 10 అంటే న్యూలైన్, అంటే లైన్ మార్పు గుర్తు. మీరు కొట్టిన ఎంటర్‌ను కూడా ఎఫ్‌గెట్స్ అర్రేలో పెట్టేస్తుంది. ఆరో స్థానంలో మీ వైపు న్యూలైన్, అవతల స్ట్రింగ్ ముగింపు 0 (అంకె అక్షరం కాదు, విలువ 0), తేడా 10. పొడవు చెప్పే స్ట్ర్‌లెన్ (strlen) చూడండి, 5 కాదు 6 వస్తుంది. నేనైతే ఇలాంటివి ప్రింట్ చేసేటప్పుడు అటూ ఇటూ బ్రాకెట్లు పెడతాను, చివరి బ్రాకెట్ కింది లైన్‌లో పడితే విషయం అక్కడే తెలిసిపోతుంది. స్ట్ర్‌సీస్పన్‌తో (strcspn) న్యూలైన్ ఎక్కడుందో పట్టుకుని అక్కడ ఆ ముగింపు 0 పెట్టేయండి. చివరి అక్షరాన్ని గుడ్డిగా కొట్టేయొద్దు, న్యూలైన్ లేని రోజున అసలు అక్షరమే పోతుంది.

జవాబు 3:
ఆ 10ని నమ్ముకుని కోడ్ రాయకండి, 0 కంటే ఎక్కువా తక్కువా అన్నంతవరకే సీ స్టాండర్డ్ హామీ, ఇంకో మెషీన్‌లో 1 రావచ్చు. ఇంకెవరైనా ఎఫ్‌గెట్స్ బదులు స్కానెఫ్ (scanf) వాడమంటే, అది స్పేస్ దగ్గరే ఆగిపోతుంది, సైజ్ చెప్పకపోతే అర్రే దాటి రాసేస్తుంది కూడా.

అడిగినవారు:
నిజమే, 6 వచ్చింది. న్యూలైన్ తీశాక 5, పాస్‌వర్డ్ ఒప్పుకుంది. వార్నింగులన్నీ ఆన్ చేస్తే ఇంకో మూడు బయటపడ్డాయి, వాటి పని చూస్తాను.