కనుమకు ఆ పేరెలా వచ్చింది?

మా పాప సోషల్ పుస్తకంలో తూర్పు కనుమల గురించి చదువుతూ, "నాన్నా, మనం పశువులకు పూజ చేసే కనుమా, ఈ కొండల కనుమా ఒకటేనా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలోకి సంక్రమించడం, అది చెప్పగలను. భోగి అంటే భోగం అని సర్దిచెప్పాను. కనుమ దగ్గరే బండి ఆగిపోయింది. "కనుమ నాడు కాకైనా కదలదు" అనే మా అమ్మనడిగితే "పేరుతో పనేంటి, గారెలు తిను" అంది! తమిళులు ఆ రోజును మాట్టు పొంగల్ అంటారు, అంటే పశువుల పొంగల్. అక్కడ పేరులోనే అర్థం తెలిసిపోతోంది. మరి మన కనుమ మాటకు మూలం ఏమిటి? పాత నిఘంటువుల్లో చూసినవాళ్ళు, ఊళ్ళో పెద్దల నోట విన్నవాళ్ళు ఉంటే చెప్పండి. ఊహ అయితే ఊహ అనే చెప్పండి, పాప ఇట్టే పట్టేస్తుంది.