ఇంట్లో మనం తగ్గించుకునే వాడకం అడవి దాకా చేరుతుందా?

ప్రశ్న

నమస్కారం. గత రెండేళ్లుగా మా ఇంట్లో వాడకాన్ని వీలైనంత తగ్గించుకుంటూ వస్తున్నాము. ఒక్కసారి వాడి పారేసే వస్తువులు మానేశాము, పాడైన వాటిని బాగు చేయించుకుంటున్నాము, కరెంటు విషయంలోనూ జాగ్రత్తగా ఉంటున్నాము. అయితే అడవులు, చిత్తడి నేలలు, గడ్డి మైదానాలు ఏటేటా తరిగిపోతున్నాయని చదివినప్పుడల్లా, మా ప్రయత్నానికీ ఆ ప్రాంతాలకూ అసలు సంబంధం ఉందా అనే సందేహం నన్ను వదలడం లేదు. ఒక కుటుంబం చేయగలిగిన పనుల్లో అడవికి నిజంగా మేలు చేసేవి ఏవి? లేక ఇది పూర్తిగా చట్టాలతో, ప్రభుత్వాలతో తేలవలసిన విషయమా? కారణాలతో సహా వివరించగలరని కోరుతున్నాను.

మొదటి సమాధానం

సంబంధం తప్పకుండా ఉంది, అది నేల ద్వారా ఉంది. జీవవైవిధ్యం స్థితిని అంచనా వేసే ఐపీబీఈఎస్ అనే అంతర్ప్రభుత్వ వేదిక 2019లో విడుదల చేసిన నివేదిక సుమారు 10 లక్షల జాతుల జీవులు అంతరించే ముప్పులో ఉన్నాయని హెచ్చరించింది. భూమి మీది జీవుల విషయంలో అన్నిటికంటే పెద్ద కారణం మనం నేలను మార్చి వాడుకోవడమేనని కూడా తేల్చింది. మంచు కప్పిన ప్రాంతాలూ ఎడారులూ పోగా మిగిలిన నేలలో దాదాపు సగం ఇప్పటికే వ్యవసాయం కింద ఉంది. ఆ సగంలో మూడొంతులకు పైగా పశువుల మేతకూ, దాణా పంటలకూ పోతున్నా, మనుషులకు అందే కేలరీల్లో మాంసం, పాల వంటి వాటి వాటా ఐదో వంతు కూడా లేదు. మేత భూములన్నీ ఒకప్పటి అడవులని కాదు, వాటిలో సహజమైన గడ్డి నేలలూ ఉన్నాయి. అయినా కొత్తగా అడవి నరికే చోట్ల పశుపోషణ ముందు వరుసలో ఉందన్నది నిజం.

మీరు రాసిన వాటిలో ఆహారం ప్రస్తావన లేకపోవడం గమనించాను. ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది, అందులో దాదాపు 60 శాతం వృథా ఇళ్లలోనే జరిగింది. పారేసిన ప్రతి ముద్ద వెనుకా దాన్ని పండించిన నేల, దానికి పెట్టిన నీరు ఉంటాయి. కాబట్టి నన్ను అడిగితే, వండినది వృథా కాకుండా చూసుకోవడం, మాంసం తినేవారు, ముఖ్యంగా పశుమాంసం తినేవారు, దాన్ని తగ్గించుకోవడం మిగతా పనులన్నిటికంటే ముందుండాలి.

రెండో సమాధానం

పైన చెప్పినదానితో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. వాడకం తగ్గినంత మాత్రాన మిగిలిన నేల దానంతట అదే అడవిగా మారదు, ఎందుకంటే దాన్ని మరో లాభసాటి పనికి మళ్లించేవారు ఎప్పుడూ ఉంటారు. కోస్టారికాను చూడండి. 1980ల నాటికి ఆ దేశంలో అడవి సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. 1996 నాటి చట్టం అడవిని ఇతర వాడకాలకు మార్చడాన్ని నిషేధించింది. అడవిని నిలబెట్టుకున్న భూ యజమానులకు, ఇంధనంపై వసూలయ్యే పన్నులో కొంత భాగం నుంచి, చెల్లింపులు మొదలయ్యాయి. ఇప్పుడక్కడ సగానికి పైగా నేల మీద అడవి ఉంది.

అయితే రక్షణ పేరుతో మనుషులను వెళ్లగొట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు. అమెరికాలో 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం నుంచి అక్కడి మూలవాసులను తరిమేశారు, ఆ పద్ధతే తర్వాత ఎన్నో చోట్ల నడిచింది. 2030 నాటికి నేలలోనూ సముద్రంలోనూ 30 శాతాన్ని కాపాడాలని 2022లో మాంట్రియల్‌లో దేశాలు కుదుర్చుకున్న ఒప్పందం మూలవాసుల హక్కులను గౌరవించాలని స్పష్టంగా రాసుకుంది. ఆ మాట అమలవుతున్నదా అని మన ప్రతినిధులను నిలదీయడం కూడా ఒక కుటుంబం చేయగల పనే.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆహారం గురించి మేము ఇంతగా ఆలోచించలేదు, ఈ రోజు నుంచే మొదలుపెడతాము. ఇంకొక్క సందేహం: మొక్కలు నాటే కార్యక్రమాలకు విరాళం ఇవ్వమని తరచుగా అడుగుతున్నారు. అది మంచి మార్గమేనా?

మూడో సమాధానం

ఎక్కడ, ఏ మొక్క అన్నదాని మీద అది ఆధారపడి ఉంటుంది. స్కాట్లాండ్ ఉత్తరాన ఫ్లో కంట్రీ అనే విశాలమైన పీట్ నేల ఉంది. వేల ఏళ్లుగా కుళ్లకుండా పేరుకున్న నాచు, మొక్కల అవశేషాలతో ఏర్పడిన తడి నేల అది. ప్రపంచ భూభాగంలో పీట్ నేలలు 3 శాతమే అయినా, అడవుల్లోని చెట్లన్నీ కలిసి దాచుకున్న దానికంటే ఎక్కువ కార్బన్‌ను అవి దాచుకున్నాయి. 1980లలో పన్ను రాయితీల కోసం ఫ్లో కంట్రీలో కాలువలు తవ్వి, నీరు తోడేసి, పరాయి జాతి శంఖాకార వృక్షాలను నాటారు. నేల ఎండింది, తడి నేల మీద గూడు కట్టుకునే పక్షులు చోటు కోల్పోయాయి. ఇప్పుడు ఆ చెట్లనే నరికి, కాలువలు పూడ్చి, నేలను మళ్లీ తడిపే పని జరుగుతోంది. ఆ ప్రాంతానికి 2024లో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది.

సహజమైన గడ్డి మైదానాల్లో చెట్లు నాటినా ఇటువంటి నష్టమే జరుగుతుంది. అందువల్ల విరాళం ఇచ్చే ముందు ఆ స్థలంలో ఇంతకుముందు ఏముండేదో, నాటేవి ఆ నేలకు చెందిన జాతులేనా, నాటిన తర్వాత పదేళ్ల పాటు వాటిని చూసుకునేది ఎవరో అడగండి. దగ్గరలో విత్తనాలిచ్చే చెట్లు మిగిలి ఉన్న చోట, కంచె వేసి మేతనూ మంటనూ ఆపితే చాలాసార్లు అడవి తానే తిరిగి మొలుస్తుంది. నిలిచి ఉన్న పాత అడవిని చీల్చుకుంటూ కొత్త రోడ్డు పడకుండా అడ్డుకునేవారికి ఇచ్చే విరాళాన్ని నేను ఇంకా విలువైనదిగా భావిస్తాను, ఎందుకంటే రోడ్డు పడిన చోట అంచు ఏర్పడుతుంది, ఆ అంచు గుండానే ఎండా, వేడిగాలీ, కలుపు మొక్కలూ, వేటగాళ్లూ లోపలికి వస్తారు. ప్రపంచంలో మిగిలిన అడవిలో 70 శాతం ఇప్పటికే ఏదో ఒక అంచుకు కిలోమీటరు లోపే ఉందని 2015లో ఒక అధ్యయనం తేల్చింది.