లంకల్లో కృష్ణజింకలు కనిపించే చోటు పదిమందికీ చెప్పవచ్చునా?

రెల్లుపొద:
గత ఆదివారం తెల్లవారకముందే గోదావరి గౌతమి పాయలోని ఒక లంకకు, అంటే ఏటి నడుమ దిబ్బకు, పడవ మీద వెళ్ళాను. ఎండిన రెల్లు దుబ్బుల మధ్య తొమ్మిది కృష్ణజింకలు మేస్తున్నాయి. వాటిలో నల్లని మగది కంటి ముందున్న గ్రంథిని ఒక రెల్లు కొసకు ఆనించి మెల్లగా రాసింది. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి అదే కొసను వాసన చూసింది. అరగంటసేపు నేను కదలలేదు. ఆ ఫొటోలతో పాటు లంక పేరూ, పడవ దొరికే రేవు పేరూ ఈ చర్చావేదికలో రాస్తే, మడదారి గారు తీసివేయమన్నారు. తీసివేశాను గాని నా మనసు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళుగా మన పక్కనే ఇవి ఉన్న సంగతి కాకినాడలోనూ రాజమహేంద్రవరంలోనూ చాలామందికి తెలియదు. తెలియని ప్రాణి కోసం రేపు ఎవరు నోరు విప్పుతారు? కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో చెక్క వంతెన వేసి జనాన్ని రానిస్తున్నప్పుడు లంకలకు మాత్రం ఈ గోప్యత ఎందుకు?

మడదారి:
కోరింగలో జనం నడిచేది వంతెన మీద, బురదలో కాదు. లంకలో అటువంటి హద్దు ఏముంది? కృష్ణజింక పిల్ల పుట్టిన మొదటి రోజుల్లో తల్లి వెంట తిరగదు, గడ్డిలో కదలకుండా పడుకుని ఉంటుంది. తల్లి దూరంగా మేస్తూ పాలివ్వడానికి మాత్రమే వచ్చిపోతుంది. ఆ సమయంలో నలుగురు మనుషులు గడ్డిలో తిరిగితే తల్లి దగ్గరకు రాదు. నేను ఊహించి చెబుతున్న మాట కాదు. నిరుడు ఒక స్నేహితుడికి, ఒక్కరికంటే ఒక్కరికే, చోటు చెప్పాను. వారం తిరగకముందే పదిమంది వచ్చారు, వెంట ఒక కుక్క కూడా ఉంది. ఆ సాయంత్రం ఒక ఆడజింక ఇసుక దిబ్బ మీద చీకటి పడేదాకా అటూ ఇటూ తిరగడం చూశాను. ఆ తప్పు నాది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

గోదారిగట్టు:
చర్చకు ముందు పేరు సరిచేసుకోవాలి. కృష్ణజింక జింకల జాతి కాదు. దుప్పి కొమ్ములు ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. దీని మెలికల కొమ్ములు రాలవు, కొమ్మల్లా చీలవు. మన పెద్దలు మగదాన్ని ఇర్రి అనీ, ఆడదాన్ని లేడి అనీ వేరుగా పిలిచారు. ఇంత చక్కని మాటలుండగా అన్నిటినీ జింక అనడం ఎందుకు?

రెల్లుపొద:
ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు పేరును ప్రభుత్వమే కృష్ణజింక అని రాస్తోంది. మా అమ్మమ్మ కూడా జింకే అనేది. మడదారి గారూ, ఒక్కరి తప్పుకు అందరికీ తలుపు మూయడం న్యాయం కాదు. నేను కుక్కను తీసుకువెళ్ళలేదు.

గోదారిగట్టు:
ప్రభుత్వం రాసినంత మాత్రాన ఇర్రి జింక అయిపోదు.

తుమ్మెద:
అదే లంకకు నేనూ వెళ్ళాను, కాని జింకల కోసం కాదు. గట్టు మీది జిల్లేడు పొద దగ్గర ఒక పూట కూర్చుంటే చాలు. ఆకు అడుగున తెలుపు, నలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు, వీపు మీద మూడు జతల నల్లని తంతువులతో, పాలు కారుతున్న ఆకునే నములుతూ కనిపించింది. ఆ పాలలోని విషాన్ని ఒంట్లో నిలుపుకుంటుంది కనుక చాలా పిట్టలు దాని జోలికి పోవు. నారింజ రంగు రెక్కల కొసలకు నలుపు, ఆ నలుపులో తెల్లచుక్కలు ఉన్న సీతాకోకచిలుక దీని నుంచే వస్తుంది. ఈసారి వెళ్ళేసరికి ఆ పొదలన్నీ నరికేసి ఉన్నాయి. జింకల చోటు దాచాలా వద్దా అని ఇంత వాదిస్తున్నారు గాని, పొదల గురించి ఒక్కరూ అడగరే?

లంకసేద్యం:
ఆ పొదలు నరికింది నేనే. అది నా చేని గట్టు. ఇంతసేపూ మీరందరూ ఆ లంకలో మనిషే లేనట్టు మాట్లాడుతున్నారు. అక్కడ నాకు ఎకరన్నర కౌలు చేను ఉంది. మొలకెత్తిన పెసర చేనును జింకలు రెండు రాత్రుల్లో వరస వెంట వరస కొరికేశాయి. కౌలు మాత్రం ఏమీ తగ్గలేదు.

రెల్లుపొద:
పంట పోయిందని పొదలు నరికి, కంచె వేస్తే అవి ఎక్కడికి పోతాయి? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఆ సంగతి మీకు తెలిసే ఉండాలి.

లంకసేద్యం:
చట్టం నాకు చెప్పకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద ఇరవై అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన రోజున మా లంక మునిగింది. పశువులను ఏటిగట్టు మీదికి తోలుకుంటే, చీకట్లో మూడు జింకలు ఈదుకుంటూ వచ్చి మా గేదెల పక్కనే నిలబడ్డాయి. వణుకుతున్నాయి. కుక్కలు రాకుండా నేనూ మా తమ్ముడూ తెల్లవార్లూ కర్రలు పట్టుకుని కూర్చున్నాము. ఆ రాత్రి వాటిని చూడడానికి ఎవరూ రాలేదు. ఇప్పుడు మీరు పడవ దిగి, నా చేనులోంచి నడిచి, ఫొటో తీసుకుని, నన్ను జింకల శత్రువు అంటున్నారు. మీ ఫొటోలో ఎడమ వైపున ఉన్న పచ్చని చారలు నా పెసర మొక్కలే.

రెల్లుపొద:
ఫొటో మళ్ళీ చూశాను. మీరన్నది నిజం, మొక్కల మధ్య నా కాలి గుర్తులు కూడా ఉన్నాయి. నన్ను క్షమించండి. రేవు పేరు రాసేటప్పుడు ఎవరినైనా అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు.

మడదారి:
రైతు అనుమతి ఒక విషయం, జింకపిల్లల భద్రత మరొక విషయం. రైతు ఒప్పుకున్నా చోటు బయటపెట్టడానికి నేను ఒప్పుకోను.

లంకసేద్యం:
మీరు ఒప్పుకోవడం దేనికండీ? దాచమన్నా, చెప్పమన్నా మీరే నిర్ణయిస్తున్నారు, నష్టం మాత్రం మాకు మిగులుతోంది. జింకలు ఉండకూడదని నేను ఎన్నడూ అనలేదు. పెసర కోత అయ్యేదాకా ఎవరూ రావద్దు. ఆ తరువాత వచ్చేవారు రేవులో దిగగానే ముందు నన్ను కలిస్తే, పిల్లలు పడుకునే దుబ్బు ఏదో నేనే చెప్పి, దానికి దూరంగా నడిపిస్తాను. తుమ్మెద గారూ, తూర్పు గట్టు మీద జిల్లేళ్ళు ఇంకా నాలుగు ఉన్నాయి. వాటిని కొట్టను.