తిరగబెట్టిన గడ్డకు లోపలి కరెంటు (రేడియేషన్)తో పాటు వేడి: పెట్టించాలా, వద్దా?

పీలేరు అబ్బాయి:
మా మామకు నోటి క్యాన్సర్. ముందు ఆపరేషన్ చేసి కరెంటు పెట్టినారు. ఇప్పుడు మెడలో మళ్లీ గడ్డ లేచింది. బయట నుంచి ఇంకోసారి పెడితే తట్టుకోలేడంట. గడ్డలోకి సన్నగొట్టాలు దించి లోపలి కరెంటు, దాంతోపాటు వేడి పెట్టిస్తే మేలని ఒకాయన చెప్పినాడు. దానికోసం ఊరు దాటి పోవాల్నా?

వేలూరు బస్సు:
వేడికే క్యాన్సర్ చచ్చేటట్టయితే రేణిగుంట ఎండకు మా పక్క ఎవురికీ రాకూడదు. డబ్బులు గుంజే యవ్వారం.

కొర్లగుంట అక్క:
ఎగతాళి ఎందుకు తమ్ముడూ? ఒళ్లంతా కాచేది కాదు, గడ్డను మాత్రమే 41-43 డిగ్రీలకు తెచ్చి గంటసేపు ఉంచుతారు. కరెంటు దెబ్బకు తెగిన డీఎన్‌ఏను కణం మళ్లీ అతికించుకోకుండా వేడి అడ్డుపడుతుంది. ఆక్సిజన్ అందని నడిమి భాగం కరెంటుకు మొండికేస్తుంది, వేడికి లొంగుతుంది. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీవాళ్లు 2005లో చెప్పిన లెక్క చూడు: ముందే కరెంటు పెట్టించుకున్నవాళ్లలో వేడి కలిపితే 68 శాతం మందికి గడ్డ పూర్తిగా కరిగింది. కలపకపోతే 24 శాతమే.

చిత్తూరు ఫిజిక్స్ అయ్యవారు:
అమ్మా, అవి పైపైన ఉండే గడ్డలు. అబ్బాయి అడిగింది గొట్టాల సంగతి. దానిమీదా అమెరికాలో ప్రయోగం జరిగింది, ఆర్‌టీఓజీ అనే క్యాన్సర్ డాక్టర్ల బృందం చేసింది, 84-19 నంబరుది, ఫలితం 1996లో వచ్చింది. అందరూ మొండి గడ్డలవాళ్లు, తిరగబెట్టినవాళ్లే. గొట్టాల్లో కరెంటు ఒక్కటే పెట్టినా, వేడి కలిపినా, పూర్తిగా కరిగింది సగానికి కాస్త పైన, రెండువైపులా ఒకటే.

వేలూరు బస్సు:
నేను చెప్పింది అదే గదా సార్!

చిత్తూరు ఫిజిక్స్ అయ్యవారు:
కాదు నాయనా. నువ్వు వేడి పనికిరాదంటివి. అక్కడ అసలు వేడే అందలేదు. అనుకున్నంత వేడి గడ్డంతా పట్టినవాళ్లు దాదాపు లేరు. రక్తం పారేచోట వేడి నిలవదు, ఎప్పటికప్పుడు రక్తమే మోసుకుపోతుంది. మెడలో ఆ పెద్ద రక్తనాళం పక్కన గడ్డంటే ఇంకా కష్టం. పైగా అది మునుపే కరెంటు తిన్న నాళం, చిట్లితే ప్రాణానికే ముప్పు.

కొర్లగుంట అక్క:
మరి 1998లో ఫలితం వచ్చిన ప్రయోగంలో మెదడు గడ్డలకు గొట్టాలతోనే కదా చేసినారు? రెండేళ్లు బతికినవాళ్లు వేడితో 31 శాతం, లేకుండా 15.

చిత్తూరు ఫిజిక్స్ అయ్యవారు:
ఒప్పుకుంటా. కానీ అవి మొదటిసారి వచ్చిన గడ్డలు. అబ్బాయీ, ఎక్కడికి పోయినా మిషన్ పేరు అడగొద్దు. గడ్డలోపల ఎన్నిచోట్ల వేడి కొలుస్తారో అడుగు. వాళ్లు కొలవం అంటే లేచి వచ్చెయ్.

పీలేరు అబ్బాయి:
సరే సార్. ముందు తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో చూపిస్తాం. పాత కరెంటు ఎంత డోసు పెట్టినారో ఆ కాగితం ఇంట్లో వెతకతా ఉండాము.